పన్ను ఒక్కటే దొరికితే సొరచేపకు పేరెలా పెడతారు?

షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చూడాలనుకునేది ‘స్యూ’ని. 1990లో అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో బయటపడిన టైరనోసారస్ రెక్స్ అస్థిపంజరం అది. 1997లో జరిగిన వేలంలో దాని ధర 83 లక్షల డాలర్లు దాటింది. ఎముకలు శుభ్రమై ప్రదర్శనకు ఎక్కాయి. వాటికి అంటుకుని వచ్చిన మట్టి మాత్రం, దాదాపు రెండు టన్నులు, మ్యూజియం స్టోర్‌లో ఏళ్ల తరబడి పడి ఉంది.

దాన్ని జల్లించి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా ఏరే పని వాలంటీర్లు చేపట్టారు. జీతం లేని పని అది. గంటల తరబడి ఇసుక చూస్తూ కూర్చోవాలి, చాలా రోజులు ఏమీ దొరకదు. అలా చూస్తున్న కారెన్ నార్డ్‌క్విస్ట్ కంటికి మిల్లీమీటరు కూడా లేని పళ్లు కొన్ని ఆనాయి. మొత్తం మీద అలాంటివి రెండు డజన్లకు పైగా పోగయ్యాయి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన టెర్రీ గేట్స్, ఆయన సహచరులు వాటిని పరిశీలించి, అంతవరకూ ఎవరూ వర్ణించని సొరచేపవని తేల్చారు. 2019 జనవరిలో జర్నల్ ఆఫ్ పేలియంటాలజీ అనే పత్రికలో దాని పేరు అచ్చయింది: గలగడాన్ నార్డ్‌క్విస్టే. పన్ను ఆకారం ‘గెలాగా’ అనే పాత వీడియో గేమ్‌లోని అంతరిక్ష నౌకను తలపించిందని మొదటి భాగం, ఏరి పెట్టిన మనిషి పేరు మీద రెండో భాగం. కాలం దాదాపు 6.7 కోట్ల ఏళ్ల కిందటిది.

ఇలాంటివి వార్తల్లో ‘కొత్త సొరచేప దొరికింది’ అనే హెడ్డింగ్‌తో వస్తాయి. దొరికింది పళ్లు. దవడ లేదు, వెన్నుపూస లేదు, రెక్క లేదు, చర్మం లేదు. ఆ పళ్ల దగ్గర మొదలుపెట్టి ఒక జాతి దాకా, అక్కడి నుంచి దాని పొడవు, తిండి, నివాసం దాకా శాస్త్రవేత్తలు ఒక్కో నిర్ణయానికి వస్తారు. ఆ నిర్ణయాలన్నీ ఒకే బలం ఉన్నవి కావు. వార్తలో మాత్రం అన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి. ఏది ఎంత గట్టిదో విడదీసి చూడటం అవసరం.

పళ్లే ఎందుకు మిగులుతాయి

కాకినాడ, విశాఖ వైపు సొరపిట్టు చేసేవాళ్లకు దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఉడికాక ఆ చేప పొడిపొడిగా విడిపోతుంది, సన్న ముళ్లు ఏరుకునే బాధ ఉండదు. సొరచేప ఒంట్లో మామూలు చేపకు ఉండే ఎముక లేదు. అస్థిపంజరం అంతా మృదులాస్థి, అంటే మన చెవి డొప్పలో, ముక్కు కొసలో చేతికి తగిలే పదార్థం. వెన్నుపూసల్లో, దవడల్లో దానికి కాల్షియం పట్టి కొంత గట్టిపడుతుంది గానీ, చేప చచ్చి అడుక్కి చేరాక చాలాసార్లు అదీ మిగలదు. పూర్తి సొరచేప శిలాజం దొరకడం అందుకే అంత అరుదు. ఆక్సిజన్ అందని నీటి అడుగున, మెత్తటి బురద త్వరగా కప్పేస్తేనే ఆ అవకాశం.

పన్ను సంగతి వేరు. దాని పై పొరలో ఫ్లోరిన్ కలిసిన కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం ఉంటుంది. కోట్ల ఏళ్లు మట్టిలో ఉన్నా తట్టుకుంటుంది. పైగా సొరచేప పళ్లు మన పళ్లలా దవడలో గుంట చేసుకుని పాతుకుపోవు. చిగుళ్లలో వరుసల వెనక వరుసలుగా తయారవుతూ, ముందుది ఊడగానే వెనకది ఆ చోటికి వస్తుంది. బతికినంతకాలం ఇదే తంతు. ఒక్కో చేప జీవితకాలంలో వేల పళ్లు రాల్చే జాతులున్నాయి. దాదాపు 40 కోట్ల ఏళ్లుగా సముద్రాల్లో, కొన్ని చోట్ల నదుల్లో ఇలా రాలుతూనే ఉన్నాయి. యూరప్‌లో ఒకప్పుడు ఈ శిలాజాల్ని రాయిగా మారిన పాము నాలుకలని నమ్మేవాళ్లు. 1666లో ఇటలీ తీరంలో పట్టుబడిన పెద్ద సొరచేప తలను కోసి చూసిన నికొలస్ స్టెనో, ఆ ‘నాలుకలు’ పళ్లేనని మరుసటి ఏడాది రాశాడు.

ఇన్ని దొరుకుతున్నాయి కదా అని ధీమా పడటానికి లేదు. పళ్ల లెక్క వేరు, చేపల లెక్క వేరు. గలగడాన్ పళ్లు రెండు డజన్లు దాటాయంటే అవి రెండు డజన్ల చేపలవి కానక్కర్లేదు. ఒకటి రెండు చేపలే ఆ నీళ్లలో కొన్ని నెలలు తిరుగుతూ రాల్చినవి కావచ్చు. ఒక చోట ఒక జాతి పళ్లు ఎక్కువగా దొరికితే ఆ జాతి అక్కడ ఎక్కువగా ఉండేదని తొందరపడి రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇంకో చిక్కు ఏరే పద్ధతిలో ఉంది. వందేళ్లకు పైగా శిలాజాలు ఏరినవాళ్లు కంటికి కనిపించినవే ఏరారు. అరచేతి పొడవు పన్ను దూరం నుంచే మెరుస్తుంది, ఇసుక రేణువంతది ఎవరికీ కనబడదు. పాత జాబితాల్లో పెద్ద సొరచేపలే నిండి ఉండటానికి ఇదీ ఒక కారణం. మట్టిని బస్తాల లెక్కన తెచ్చి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి చూడటం మొదలుపెట్టాకే చిన్నవాటికి లెక్కలో చోటు దక్కింది. స్యూ ఎముకల్ని శుభ్రం చేశాక ఆ మట్టిని పారబోసి ఉంటే గలగడాన్ అనే పేరే ఉండేది కాదు.

ఒకే నోట్లో రకరకాల పళ్లు

పన్ను చేతికొచ్చాక నిపుణులు చూసేవి చాలా ఉన్నాయి. పైకి కనిపించే కిరీట భాగం ఎంత వెడల్పు, ఎటు వంగింది, అంచు నున్నగా ఉందా రంపంలా ఉందా, పక్కన చిన్న మొనలున్నాయా, వేరు రెండు పాయలుగా చీలిందా, దాని మీద రక్తనాళాలు వెళ్లే రంధ్రాలు ఎక్కడున్నాయి. ఈ వివరాలతో పన్ను ఏ వర్గానికి చెందిందో చాలావరకు నమ్మకంగా చెప్పొచ్చు. గలగడాన్ పన్ను చూసి అది కార్పెట్ సొరల వర్గానిదని తేల్చింది ఇలాగే. ఈనాటి వెదురు సొరలు, వాబిగాంగ్‌లు ఆ వర్గంలోవే. చాలావరకు చిన్నవి, నీటి అడుగున పాకుతున్నట్టు తిరుగుతాయి, ఎక్కువగా ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా చుట్టుపక్కల సముద్రాల్లో ఉంటాయి.

వర్గం దాకా ఫర్వాలేదు. జాతి దగ్గరికి వచ్చేసరికే అసలు టెన్షన్ మొదలవుతుంది. ఒకే సొరచేప నోట్లో ముందు పళ్లు ఒకలా, పక్క పళ్లు ఒకలా, మూలన ఉన్నవి మరోలా ఉంటాయి. పై దవడవి వెడల్పుగా, కింది దవడవి సూదిలా ఉండే జాతులు అనేకం. పిల్లకు ఒక రకం, పెద్దదానికి ఒక రకం. కొన్నింటిలో మగదాని పళ్లు, ఆడదాని పళ్లు కూడా వేరు. ఇప్పటి చేప అయితే దవడ తెరిచి అన్నీ ఒకచోట చూసుకోవచ్చు. శిలాజంలో అవన్నీ విడివిడిగా, ఎక్కడెక్కడివో కలిసిపోయి దొరుకుతాయి. 19వ శతాబ్దంలో ఒకే చేప పళ్లకు రెండు మూడు జాతుల పేర్లు పడటం మామూలే. వాటిని మళ్లీ కలిపి ఒకటి చేయడం తర్వాతి తరాలకు పెద్ద పనైంది.

అందువల్ల ‘ఈ పన్ను తేడాగా ఉంది’ అనే మాట ఒక్కటే సరిపోదు. ఆ తేడాకు దవడలో దాని చోటు కారణమా, వయసా, లింగమా, అరుగుదలా అని ఒక్కొక్క అవకాశాన్నీ కొట్టేయాలి. ఏదీ కారణం కాదని తేలాకే కొత్త జాతి అనే మాట ఎత్తాలి. ఈ పని ఒంటరి పన్నుతో దాదాపు కుదరదు, దవడలోని వేర్వేరు చోట్లవి కొన్నైనా కావాలి.

అలబామాలో ఈ పని ఎలా జరిగిందో చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఆ రాష్ట్ర జియలాజికల్ సర్వే దగ్గర వందేళ్లకు పైగా ఒక చిన్న పెట్టెలో సొరచేప పళ్లు ఉన్నాయి. విల్కాక్స్ కౌంటీలో ఎవరో ఏరి పెట్టినవి. అలబామా నేలలో దొరికిన వందలాది శిలాజ చేపల్ని అప్పటికే నమోదు చేసిన జున్ ఎబర్‌సోల్ ఒకసారి ఆ పాత సేకరణ తిరగేస్తూ పెట్టె తెరిచారు. అందులోని పళ్లు ఏ జాతివో ఆయనకు తట్టలేదు. అన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి తట్టకపోవడమే అక్కడ మొదటి సాక్ష్యం. తర్వాత డేవిడ్ సిసిమురి, లిన్ హారెల్‌లతో కలిసి, ఇప్పుడు బతికున్న సొరచేపల దవడల్ని పక్కన పెట్టుకుని, ఈ విడి పళ్లలో ఏది ముందుది, ఏది పక్కది, ఏది పై దవడది అని ఒక్కొక్కటీ అమర్చుకుంటూ వచ్చారు. మొత్తం అమరిక ఇప్పటి ఏ సొరచేపతోనూ సరిగ్గా కుదరలేదు. 2024లో దానికి పేలియోహైపోటోడస్ బిజోకోయ్ అని పేరు పెట్టారు. పన్ను మధ్య మొనకు అటూ ఇటూ సూదుల్లాంటి చిన్న మొనలు దీని గుర్తు.

దీని కాలం దాదాపు 6.5 కోట్ల ఏళ్ల కిందటిది. డైనోసార్లు అంతరించిన దెబ్బ 6.6 కోట్ల ఏళ్ల కిందట పడింది. సముద్రంలోనూ ఎన్నో జీవులు పోయి, మిగిలినవి మళ్లీ పుంజుకుంటున్న కాలానికి చెందిన పెద్ద వేట చేప అన్నమాట. ఆ కాలపు రాళ్లు అలబామాలో ఉన్నా వాటి మీద పని తక్కువ జరిగింది. పెట్టె నూరేళ్లు మూసి ఉండటానికి అదే కారణమని చెప్పలేం గానీ, తెరిచి చూసి గుర్తుపట్టగలిగే కన్ను ప్రతి తరంలోనూ ఉండదు. కొత్త జాతుల్లో చాలా భాగం ఇలా మ్యూజియం అరల్లోంచే బయటికి వస్తున్నాయి. తవ్వకాలకు దొరికే డబ్బులో పదో వంతైనా అరలు సర్దే సిబ్బందికి దొరికితే ఇంకా ఎన్ని బయటపడతాయో.

పేరు పెట్టే తంతుకు కొన్ని నియమాలున్నాయి. జంతువుల నామకరణానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. దాని ప్రకారం కొత్త పేరుకు ఒక నమూనాను ఆధారంగా చూపాలి, దాన్నే హోలోటైప్ అంటారు. మిగతావాటి నుంచి దీన్ని వేరు చేసే లక్షణాలు రాసి అచ్చు వేయాలి, ఆ నమూనా ఎక్కడ భద్రంగా ఉందో చెప్పాలి. రేపు ఎవరైనా ఆ పళ్ల గుంపులో నిజానికి రెండు జాతులు కలిసిపోయాయని నిరూపిస్తే, పేరు హోలోటైప్ ఎటుంటే అటు వెళుతుంది. కంటికి ఆనని పన్ను మీద ఒక జాతి పేరు మొత్తం ఆధారపడి ఉంటుందని వింటే వింతగా ఉంటుంది గానీ, వాదనలు తీర్చడానికి దీనికంటే మెరుగైన ఏర్పాటు ఎవరికీ దొరకలేదు.

చేప కంటే నీరు ఎక్కువ చెప్పింది

గలగడాన్ విషయంలో గట్టిగా చెప్పగలిగేవి రెండు: అది కార్పెట్ సొరల వర్గానిది, అందులో అప్పటికి తెలిసిన జాతులకు భిన్నమైనది. పొడవు అడుగు నుంచి అడుగున్నర ఉంటుందన్నది దీని తర్వాతి మెట్టు. పన్నుకూ ఒంటికీ ఉండే నిష్పత్తి దగ్గరి బంధువుల్లో ఎలా ఉందో చూసి వేసే అంచనా అది, నిష్పత్తి కాస్త మారినా పొడవు మారుతుంది. అడుగున పడుకుని చిన్న చిన్న జీవుల్ని తినేదనడం ఇంకా కింది మెట్టు, బంధువుల అలవాట్లను బట్టి ఊహించింది. ఇక బొమ్మల్లో కనిపించే మచ్చలు, రంగు పూర్తిగా చిత్రకారుడివే. ఒక్క బొమ్మలో ఈ నాలుగూ కలిసిపోయి సమాన సత్యాలుగా కనిపించడమే పాఠకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఇంత పరిమితి ఉన్నా ఆ పళ్లు ఒక పెద్ద విషయాన్ని కదిలించాయి. స్యూ చనిపోయిన చోటు సగం ఎండిన నది వల్ల ఏర్పడిన మడుగు లాంటిదని అంతకుముందు అనుకునేవారు. కార్పెట్ సొరలు ముఖ్యంగా సముద్రపు చేపలు. అలాంటిది ఆ మట్టిలో ఉందంటే, ఆ నీటికి సముద్రంతో ఎక్కడో సంబంధం ఉండి ఉండాలని పరిశోధకులు అన్నారు. అప్పట్లో ఉత్తర అమెరికా మధ్యలో ఒక లోతట్టు సముద్రం ఉండేది, ఆ కాలానికి అది వెనక్కి తగ్గుతోంది. ఈ సంబంధం ఊహించడం కష్టం కాదు. ఈనాటి బుల్ షార్క్ సముద్రం నుంచి నదుల్లోకి ఎదురెక్కి వందల కిలోమీటర్లు వెళుతుంది, గంగలోనూ అది కనిపించిన దాఖలాలున్నాయి.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, నిపుణులకు కూడా వస్తుంది. పన్ను గట్టిది కదా, పాత పొరలోంచి వరద కోసుకొచ్చి కొత్త పొరలో పడేసిందేమో? శిలాజశాస్త్రంలో ఇది నిజంగా జరిగేదే. పన్ను అంచులు, మొనలు అరిగి గుండ్రబడ్డాయా, రంగు మిగతావాటితో కలుస్తోందా అని చూసేది ఇందుకే. సన్నని మెట్టు మెట్టు అంచులు చెక్కుచెదరకుండా ఉన్న పళ్లు ఎక్కువ దూరం దొర్లి రాలేదని అనుకోవచ్చు. ఇంకో మాట కూడా ఉంది. ఒక పన్ను అయితే పక్షి రెట్టలోనో, మరో చేప కడుపులోనో వచ్చి ఉంటుందని కొట్టేయొచ్చు. రెండు డజన్లు దాటినప్పుడు ఆ మాట నిలవదు.

జాతి పేరు వార్తకెక్కుతుంది, నది సముద్రంతో కలిసి ఉండేదన్న మాట చివరి పేరాలో ఉండిపోతుంది. ఈ పరిశోధనలో విలువ మాత్రం రెండో దానిదే ఎక్కువ. చేప ఎంత పొడవో తెలియకపోయినా, అది ఉన్న నీళ్లు ఎలాంటివో పన్ను చెప్పగలిగింది.

పన్ను తప్పుదారి పట్టించినప్పుడు

అంతరించిన భారీ సొర మెగలొడాన్ కథ చాలామందికి తెలిసిందే, అందుకే దాని పొరపాట్లు చూడటం సులువు. 19వ శతాబ్దంలో స్విస్ శాస్త్రవేత్త లూయీ అగసీ దాని పన్ను చూసి, గ్రేట్ వైట్ సొర ఉన్న కార్కరోడాన్ ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపు, జాతి పేరులో మొదటి భాగం దీనిదే) చేర్చాడు. రెండింటి పళ్లూ త్రికోణాలు, రెండింటికీ రంపపు అంచులు. తర్వాత వందేళ్లకు పైగా మెగలొడాన్‌ను గ్రేట్ వైట్‌కు పెద్దన్నగా ఊహించుకున్నారు. సినిమాల్లో, పుస్తకాల అట్టల మీద కనిపించిన రూపం అదే.

1988లో పెరూ దేశపు ఎడారి తీరంలో దొరికిన ఒక శిలాజం ఈ ఊహను బలహీనపరిచింది. అందులో 222 పళ్లు దవడతో సహా ఉన్నాయి, 45 వెన్నుపూసలు కూడా మిగిలాయి. 2012లో దానికి కార్కరోడాన్ హబెలై అని పేరు పెట్టారు. దాని పళ్లు వెడల్పు పళ్ల పాత మాకో రకపు సొర పళ్లను పోలి ఉన్నాయి, అంచున మాత్రం సన్నని రంపం అప్పుడప్పుడే మొదలైనట్టుంది. అంటే గ్రేట్ వైట్ వంశం నున్నటి పళ్ల సొరల నుంచి వచ్చి, రంపపు అంచును తనంతట తాను సంపాదించుకుంది. మెగలొడాన్ వంశం వేరే దారిలో వచ్చి అదే అంచును సంపాదించుకుంది. పెద్ద జంతువుల మాంసం కోయాల్సిన అవసరం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు పళ్లూ ఒకలా తయారయ్యాయి. ఇప్పుడు ఎక్కువమంది మెగలొడాన్‌ను ఓటోడస్ ప్రజాతిలో పెడుతున్నారు.

ప్రజాతి మారితే పేరొక్కటే మారి ఊరుకోదు, ఒళ్లూ మారుతుంది. గ్రేట్ వైట్ నిష్పత్తుల్ని పెంచి గీసిన బొండు ఒళ్లు ఇప్పుడు అనుమానంలో పడింది. కెన్షూ షిమాడా నాయకత్వంలోని బృందం 2025లో ఇచ్చిన అంచనాలో మెగలొడాన్ గరిష్ఠ పొడవు 24.3 మీటర్లు, ఒళ్లు అనుకున్నదానికంటే సన్నం. ఈ లెక్కకు పళ్లకంటే బెల్జియంలో దొరికిన వెన్నుపూసల వరుస ఎక్కువ ఆధారమైంది. పళ్లు వేల కొద్దీ దొరికిన జంతువు పొడవు మీదే ఇంత వాదన నడుస్తున్నప్పుడు, పళ్లు డజన్ల లెక్కన దొరికిన జాతుల పొడవును ఎంత జాగ్రత్తగా చదవాలో వేరే చెప్పాలా!

టైకోడస్ అనే అంతరించిన సొర సంగతి ఇంకా విచిత్రం. గీతలు గీతలుగా, చదునుగా ఉండే దాని పళ్లు 18వ శతాబ్దం నుంచీ తెలుసు. గవ్వల్ని నలిపి తినే పళ్లు కాబట్టి, తిరుగలి రాళ్లలాంటి పళ్లున్న టేకు చేపల బంధువేమో, నీటి అడుగున మందంగా తిరిగేదేమో అని రకరకాలుగా అనుకున్నారు. 2024లో రోమన్ వులో బృందం మెక్సికోలోని వయెసీయో గనుల్లో దొరికిన పూర్తి శిలాజాలను ప్రకటించింది. ఒంటి అంచులు కూడా రాతిలో ముద్రపడి ఉన్నాయి. చూస్తే అది గ్రేట్ వైట్ ఉన్న వర్గానికే చెందిన, నీటి మధ్యలో వేగంగా ఈదే సొర. గట్టి డొల్లలున్న అమ్మోనైట్లు అనే అంతరించిన సముద్ర జీవుల్ని, సముద్రపు తాబేళ్లను తిని ఉంటుందని వాళ్ల అంచనా. పన్ను చూసి తిండి గట్టిదని చెప్పడం తప్పు కాలేదు. ఆ తిండి ఎక్కడ దొరికేదన్నదే పన్ను చెప్పలేకపోయింది.

మన రాళ్లలో

భారతదేశంలో సొరచేపల శిలాజాల లెక్క కూడా ఎక్కువగా పళ్ల లెక్కే. 2021లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జైపూర్ కార్యాలయానికి చెందిన కృష్ణ కుమార్ బృందం, ఐఐటీ రూర్కీకి చెందిన సునీల్ బాజ్‌పాయ్‌తో కలిసి, రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతపు జురాసిక్ రాళ్లలో దొరికిన పళ్లకు స్ట్రోఫోడస్ జైసల్మేరెన్సిస్ అని పేరు పెట్టింది. వయసు 16 నుంచి 16.8 కోట్ల ఏళ్లు. ఇది హైబోడాంట్ల వర్గం, అంటే డైనోసార్ల కాలంలో సముద్రాల్లోనూ నదుల్లోనూ ఉండి, ఆ కాలంతోపాటే అంతరించిన పాత సొరలు. ఈ ప్రజాతి భారత ఉపఖండంలో కనిపించడం అదే మొదటిసారి. ఇప్పుడు ఎండి ఎడారిగా ఉన్న జైసల్మేర్ అప్పట్లో సముద్ర తీరం.

తెలంగాణ వైపు కథ దీనికంటే పాతది. ప్రాణహిత–గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి ఊరి పేరు మీద ఒక రాతి పొరల సముదాయం ఉంది, మాలేరి ఫార్మేషన్. ట్రయాసిక్ కాలం చివరి భాగం, ఇంచుమించు 22 కోట్ల ఏళ్ల కిందటి ఎర్ర బంకమట్టి, ఇసుకరాయి. నాగపూర్‌లో ఉండే మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 19వ శతాబ్దం మధ్యలో ఈ ప్రాంతపు శిలాజాలు సేకరించాడు. వాటిలోని పళ్లను జియలాజికల్ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వర్ణించాడు. అవి సొరచేపవి కావు, ఊపిరితిత్తులతో గాలి పీల్చే చేపవి. ఈ లోయ శాస్త్ర ప్రపంచానికి పరిచయమైంది కూడా పళ్లతోనే అన్నమాట.

తర్వాత ఈ రాళ్ల మీద గట్టిగా పనిచేసింది కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. లెక్కల సంస్థకు డైనోసార్లతో ఏం పని అనిపించవచ్చు. దాన్ని స్థాపించిన మహలనోబిస్‌కు శిలాజాలంటే ఆసక్తి ఉండేది. లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ను పిలిపించి ఆ పని మొదలుపెట్టించారు. ఆ సంస్థకు చెందిన సోహన్ లాల్ జైన్ 1980లో మాలేరి పొరల్లో దొరికిన మంచినీటి సొరచేప పళ్లను వర్ణించి, జెనకాంథస్ ఇండికస్ అని పేరు పెట్టారు.

ఈ పళ్లు ఇప్పటి సొరలకు ఉండే రకం కావు. రెండు పెద్ద మొనలు ఎడంగా విడిపోయి, మధ్యలో చిన్న మొన ఉంటుంది. జెనకాంథ్‌లు అనే ఈ వర్గానికి తల వెనక పొడవాటి ముల్లు ఉండేదని వేరే దేశాల్లో దొరికిన పూర్తి శిలాజాల వల్ల తెలుసు. నదుల్లో, చెరువుల్లో బతికేవి. ప్రపంచంలో చాలాచోట్ల వాటి మంచి రోజులు అంతకు చాలా ముందే అయిపోయాయి, ట్రయాసిక్ చివరికి పూర్తిగా పోయాయి. మాలేరి సొర ఆ వంశపు ఆఖరి తరాలది. అంటే గోదావరి లోయలో అప్పట్లో ఏడాది పొడుగునా చేపలకు సరిపడా నీళ్లున్న నదులో చెరువులో ఉండేవన్నమాట. ఇక్కడా చేపకంటే నీటి కబురే ముఖ్యం.

అదే లోయలో మాలేరి మీద పొరలుగా ఉండే కోటా ఫార్మేషన్ నుంచి జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1986లో మరో చిన్న సొరను, లోంకిడియన్ ఇండికస్‌ను వర్ణించారు. ఇది హైబోడాంట్ వర్గానిది. కోటా పేరు చెబితే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటసారస్ అస్థిపంజరం. ఆ డైనోసార్‌కు పేరు పెట్టింది కూడా యాదగిరే. డైనోసార్ ముందు ఫొటో దిగే పిల్లలకు అదే పొరల్లో సొరచేప పళ్లు ఉన్నాయని చెప్పే బోర్డు ఒకటి పెడితే బాగుంటుంది.

2018లో ఐఐటీ ఖరగ్‌పూర్ బృందం మధ్యప్రదేశ్‌లోని తికీ ఫార్మేషన్ నుంచి మంచినీటి సొరల పళ్ల మీద ఒక పరిశోధన ప్రచురించింది. తికీ పొరలు మాలేరికి ఇంచుమించు సమకాలికం. అందులో ఒక కొత్త జాతికి మూరియోడాంటస్ జైనీ అని, సోహన్ లాల్ జైన్ పేరు పెట్టారు. మాలేరిలో ఆయన పేరు పెట్టిన జాతి కూడా ఇప్పుడు ఈ మూరియోడాంటస్ ప్రజాతి కిందికే వచ్చింది. ఐరోపా, అమెరికా నమూనాలతో పోల్చి జెనకాంథ్ పళ్లను మళ్లీ వర్గీకరించినప్పుడు, ట్రయాసిక్ కాలపువాటిని విడదీసి వేరే ప్రజాతిగా పెట్టారు. 1980 నాటి పేరులో ‘ఇండికస్’ అలాగే ఉంది, ముందున్న ‘జెనకాంథస్’ పోయింది. మాలేరి ఎర్రమట్టిలో ఎప్పుడైనా ఒక దవడ పళ్లతో సహా దొరికితే, ఇప్పటి పేరును కూడా మళ్లీ పరీక్షకు పెట్టాల్సి వస్తుంది.